వ్యసనము నేరమా? వ్యాధియా?

ధర్మపురి జిల్లాలో వెల్లిచందై అను గ్రామము కలదు. అరవములో "వెళ్ళి" అనగా వెండి అనియు, శుక్రవారమనియు రెండర్థములు. "చందై" అనగా సంత. పేరులోనే సంత గల ఊరు అది. సంతకొక స్వభావమున్నది. అచ్చట బియ్యము తూచినను, బెల్లము తూచినను, విషము తూచినను త్రాసుముల్లు ఒకే తీరున నిలుచును. సరుకు మంచిదా చెడ్డదా అని త్రాసు చెప్పదు. ఆ విచారణ త్రాసు పట్టిన చేతిది, కొన్న చేతిది.

ఏ కిరాణా దుకాణములో చూచినను గసగసాలుండును. మసాలాలోను, పాయసములోను వాడుదురు. అందు దోషమేమియు లేదు. కాని ఆ గింజలు పండెడి కాయను పచ్చిగా నున్నప్పుడు గీరినచో పాలు కారును. ఆ పాలు ఆరి నల్లబడినదే నల్లమందు. కొందరు అభిని యందురు. ఒకే మొక్క నుండి వంటింటి సంబారము వచ్చుచున్నది, సంసారములను కూల్చు మత్తు వచ్చుచున్నది, మరణశయ్యపై నున్నవాని వేదనను తీర్చు ఔషధమును వచ్చుచున్నది. కావున వస్తువును నిందించి ప్రయోజనము లేదు. మనిషిని గూర్చియే ఆలోచింపవలెను.

నల్లమందునకు, దాని నుండి తీసిన మార్ఫిన్, హెరాయిన్ మొదలగువానికి, దానిని పోలి ప్రయోగశాలలలో తయారైన ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలకు లోబడినవానిని లోకము రెండు విధములుగా చూచుచున్నది. "కొవ్వెక్కి చెడినాడు, శిక్షింపవలెను" అనునది ఒక వాదము. "అది జబ్బు, వాని తప్పేమున్నది?" అనునది రెండవ వాదము. ఈ రెండింటిలో ఏది న్యాయము? ఇది వైద్యులు తేల్చుకొనవలసిన ప్రశ్న మాత్రమే కాదు. ప్రతి కుటుంబమునకును, వ్యాపారము చేయు ప్రతివానికిని సంబంధించిన ధర్మప్రశ్న.

ఈ బాధ ఎక్కడనో దూరదేశములలో నున్నదని అనుకొనరాదు. కేంద్ర సాంఘిక న్యాయశాఖ కొరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన సర్వే 2019లో వెలువడినది. దాని ప్రకారము మన దేశములో సుమారు 2 కోట్ల 26 లక్షలమంది ఈ జాతి మందులను వాడుచున్నారు. వారిలో సుమారు 77 లక్షలమందికి అది హాని కలిగించు స్థితికి గాని, విడువలేని స్థితికి గాని చేరినది.

పాత లెక్క

తెలుగుదేశమునకు నల్లమందు క్రొత్తది కాదు. గోదావరి, విశాఖ మన్యప్రాంతములలో చలిజ్వరమునకు విరుగుడని నమ్మి దానిని తినెడి అలవాటు చాలకాలముండెను. పసిబిడ్డలు ఏడ్వక నిద్రించుటకు ఆవగింజంత నాకించిన తల్లులు దేశములో అనేకచోట్ల నుండిరి. ఆ తల్లులు దుర్మార్గులు కారు. కూలికి పోవలెను, బిడ్డ ఏడ్వరాదు. అంతవరకే వారికి తెలిసినది. ఆంగ్లప్రభుత్వము నల్లమందును తన గుత్తలో ఉంచుకొని, లైసెన్సు దుకాణములలో అమ్మించి ఆదాయము తీసికొనెను. దానివలని మేలుకీడులను విచారించుటకు 1893లో ఒక రాయల్ కమిషన్ వేసిరి. 1895లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక మొత్తముమీద వ్యాపారమును సమర్థించినది. ఖజానాకు రాబడి తెచ్చెడి వస్తువును ఖజానాయే విచారించినప్పుడు తీర్పు అట్లుండుటలో ఆశ్చర్యము లేదు.

ఆ సరుకు అధికభాగము చీనాకు పోయెను. వద్దన్న చీనాపై 1839లో ఒకసారి, 1856లో మరొకసారి యుద్ధములు జరిగెను. బెంగాలు సరుకు కంపెనీది. మాళవదేశపు సరుకు స్వదేశీ వర్తకులది. అది బొంబాయి రేవు నుండి ఓడలకెక్కెను. ఆ వర్తకులలో పార్సీలుండిరి, మార్వాడీలుండిరి, జైనులును ఉండిరి. ఆ ధనముతో సత్రములు, ఆలయములు కూడ వెలసినవి. ఈ మాట దాచుట సత్యవ్రతము కాదు. శ్రావకులకు నిషేధించిన పదునైదు విధములగు వ్యాపారములలో విషవాణిజ్యము ఒకటి. హేమచంద్రాచార్యులవారు 12వ శతాబ్దములోనే యోగశాస్త్రమున దానిని చెప్పియున్నారు. ఐనను 19వ శతాబ్దపు వర్తకునకు పెట్టె ధర కనిపించినది గాని, ఆ పెట్టె చీనాలో ఏ యింట తెరువబడునో కనిపింపలేదు. దూరము పెరిగినకొలది పాపము చిన్నదిగా కనిపించుట వ్యాపారములోని పెద్ద మాయ.

చీనాకు ఎగుమతి 1913తో ఆగెను. స్వతంత్రము వచ్చిన పిమ్మట, మందుగా తప్ప నల్లమందు వాడుకను దేశమంతట 1959 నాటికి నిలుపవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. నేడు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో లైసెన్సు పొందిన రైతులు మాత్రమే, ఔషధముల కొరకు, ప్రభుత్వపు లెక్క క్రింద దీనిని పండించుచున్నారు.

మెదడులో జరుగునది

ఇంతకు ఈ పదార్థము మనిషిని ఎట్లు పట్టుకొనును? పూర్వము దీనికి సమాధానము లేదు. 1805 ప్రాంతమున సెర్టూర్నర్ అను జర్మను మందులవాడు నల్లమందు నుండి మార్ఫిన్ అను సారమును వేరుచేసెను. 1973లో మెదడులో ఆ సారము వచ్చి కూర్చుండు స్థానములున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అవి తాళపుకప్పల వంటివి. మార్ఫిన్ తాళముచెవి వంటిది. అప్పుడొక సందేహము కలిగినది. ఎక్కడనో పొలములో పండెడి మొక్కకు సరిపోవు తాళపుకప్ప మనిషి తలలో ఎందుకుండవలెను? 1975లో స్కాట్లండులోని అబర్డీనులో హ్యూస్, కాస్టర్లిట్జ్ అను ఇద్దరు దీనికి జవాబు కనుగొనిరి. శరీరమే తనకు కావలసిన తాళముచెవులను లోపల తయారుచేసికొనుచున్నది. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని ఓర్చుకొనుట, అలసట తీరుట, ఆప్తుల దగ్గర ఊరట పొందుట, వీనియందెల్ల వాని పాత్ర ఉన్నది.

దీనిని వర్తకులకు తెలిసిన ఉపమానముతో చెప్పవచ్చును. ఒక ఊరిలో నేతగాండ్రు ఊరికి సరిపడు గుడ్డ నేయుచున్నారు. పైదేశపు గుడ్డ కుప్పలుగా, చౌకగా దిగినది. ఊరివారందరు దానినే కొనిరి. మగ్గములు మూలపడినవి. కొన్నాళ్ళకు పైసరుకు ఒక్కసారిగా ఆగిపోయినది. అప్పుడు ఊరిలో గుడ్డ లేదు, నేయువాడును లేడు. నల్లమందు తినువాని మెదడు స్థితి ఇంచుమించు ఇదియే. బయటి సరుకునకు అలవాటుపడి తాళపుకప్పలు మొద్దుబారును. నిన్న ఒక మాత్ర చేసిన పని నేడు రెండు చేయవలెను, రేపు నాలుగు. మోతాదు పెరుగును, సుఖము తగ్గును.

మానినచో కలుగు బాధకు మరియొక కారణము కూడ కలదు. నల్లమందు మెదడులో మెలకువను, గుండె వేగమును, ఊపిరిని నడపు భాగములను అణచును. వానిని నిలబెట్టుటకు శరీరము ఎదురు బలము పెట్టును. ఎగువబాటలో బరువు బండి లాగు ఎద్దులవలె. మందు హఠాత్తుగా మానుట ఆ ఎద్దుల పగ్గము తెంచుట వంటిది. పెట్టిన బలమంతయు ఒక్కసారి ముందుకు దూకును. చెమటలు, వణకు, వాంతులు, విరేచనములు, ఒళ్ళునొప్పులు, నిద్రలేమి, పట్టరాని ఆందోళన కలుగును. హెరాయిన్ వాడినవానికి ఆరు మొదలు పండ్రెండు గంటలలో ఇది మొదలై, రెండు మూడు దినములకు ముదిరి, వారమునకు చాలవరకు తగ్గును.

వారములో తగ్గినచో ఇంక కష్టమేమని అడుగవచ్చును. అసలు కష్టము అక్కడనే ఉన్నది. ఆకలిగొన్నవాడు అన్నమును, దప్పిగొన్నవాడు నీటిని గుర్తుంచుకొనుటకు మెదడులో ఒక ఏర్పాటున్నది. మేలు చేసినదానిని మరల వెదకుమని డోపమైన్ అను పదార్థము ద్వారా అది మనిషిని ప్రేరేపించును. నల్లమందు ఆ ఏర్పాటును మోసగించును. అన్నమునకు పడవలసిన ముద్ర మత్తునకు పడును. ఒంటినొప్పులు పోయిన నెలలకు, సంవత్సరములకు గూడ పాత స్నేహితుడు కనిపించినను, పాత సందులో నడచినను ఆ ముద్ర లేచి నిలుచును. దాహమైనవానికి "నీటిని తలంపకుము" అని బోధించుట ఎంత సులభమో, వానికి "మనస్సు గట్టి చేసికొమ్ము" అని చెప్పుటయు అంతే సులభము, అంతే నిష్ఫలము.

ఇక్కడ ప్రాణాపాయమైన సంగతి ఒకటి ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను. కొంతకాలము మానినవానికి పాత ఓర్పు పోవును. అట్టివాడు జైలునుండియో, ఆస్పత్రినుండియో వచ్చి, పూర్వపు మోతాదునే ఒక్కసారి పుచ్చుకొన్నచో ఊపిరి ఆగి మరణించును. మానిన తరువాతి మొదటి వారములే ఎక్కువ ప్రమాదకరమైనవి. గదిలో పెట్టి తాళము వేసి "మానిపించినాము" అని సంతోషించిన తల్లిదండ్రులు ఈ విషయము తెలియకయే బిడ్డలను పోగొట్టుకొనుచున్నారు. అట్టి స్థితిలో సకాలమున ఇచ్చినచో నాలోక్సోన్ అను మందు తాళపుకప్పలనుండి విషమును నెట్టివేసి ఊపిరిని మరల తెప్పించును.

చికిత్స, దానిపై ఆక్షేపణ

1964లో న్యూయార్కులో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అను వైద్యులు మెథడోన్ అను మందుతో క్రొత్త చికిత్స నారంభించిరి. అదియు ఆ జాతిదే. కాని అది మెల్లగా పనిచేసి ఒక దినమంతయు నిలుచును. మత్తెక్కుట, దిగుట అను ఊయల ఆగిపోవును. మనిషి ఉదయము మందు తీసికొని పనికి పోగలడు. తరువాత బుప్రెనార్ఫిన్ వచ్చినది. అది తాళపుకప్పలో సగము మాత్రమే తిరుగు చెవి. బాధను ఆపును, మత్తును అంతగా ఎక్కనీయదు, ఊపిరి నాపు ప్రమాదము తక్కువ. మూడవది నాల్ట్రెక్సోన్. అది కప్పలో దూరి తిరుగకుండ నిలిచి వేరు చెవిని రానీయదు. పూర్తిగా మానినవారికి మాత్రమే దాని నిత్తురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌ను, బుప్రెనార్ఫిన్‌ను అవసరమైన మందుల పట్టికలో చేర్చినది. మన దేశములో సూదిద్వారా మత్తుమందు పుచ్చుకొనువారికి బుప్రెనార్ఫిన్ నిచ్చు పథకమును జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సుమారు 2007 నుండి నడుపుచున్నది. ఈ చికిత్సలో నిలిచినవారిలో మరణములు సగమునకు పైగా తగ్గుచున్నవని అనేక దేశముల అనుభవము.

ఇక్కడ ధర్మమునందు ఆసక్తిగలవారు ఒక గట్టి ఆక్షేపణ తెత్తురు. "ఒక విషము మాన్పుటకు మరియొక విషమా? ఇది త్యాగమెట్లగును? అప్పు తీర్చుటకు అప్పు చేయుట కాదా?" అని. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. త్యాగమును గౌరవించు మనస్సునుండి వచ్చిన ప్రశ్న అది.

దీనికి సమాధానము రెండు విధములు. మొదటిది లోకానుభవము. గంటగంటకు వడ్డీ పెరుగు అప్పులో మునిగినవానికి, తక్కువ వడ్డీకి, నెలకింత చొప్పున తీర్చుకొను ఏర్పాటు చేసినచో, అది వానిని ముంచుట కాదు, ఒడ్డున పడవేయుట. అప్పు రెండింటను ఉన్నది నిజమే. కాని ఒకటి దుకాణమును వేలము వేయించును. రెండవది దుకాణము తెరచి కూర్చుండనిచ్చును. మధుమేహము గలవాడు దినదినము ఇన్సులిన్ తీసికొన్నచో వానిని ఎవరును దుర్వ్యసని యనరు.

రెండవది శాస్త్రమర్యాద. జైనధర్మము మహావ్రతమును ముని కొరకుంచి, గృహస్థునకు అణువ్రతము నిచ్చినది. అణువ్రతమును అసత్యమని గాని, మోసమని గాని ఎవరు నిందించిరి? శక్తికొలది, కాలపరిమితితో, మెట్టుమెట్టుగా విడుచుట ఆ మార్గములోనే ఉన్నది. పూర్ణత్యాగము చేయలేనివాడు ఏమియు చేయకుండుటకంటె, చేయగలిగిన కొంచెము చేయుట మేలని దాని భావము. వ్యసనపరునకు వైద్యుడిచ్చు మందు అణువ్రతము వంటిది. కొందరు దానినుండి పూర్ణవిరతికి చేరుదురు. కొందరు చాల సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు జీవితాంతము, ఆ మెట్టుపైననే నిలుతురు. నిలిచినవాడు పడిపోయినవాడు కాడు.

మందొక్కటియే చాలదనునదియు నిజము. వియత్నాం యుద్ధములో అనేక అమెరికా సైనికులు హెరాయినునకు లోబడిరి. వారు స్వదేశమునకు వచ్చిన పిమ్మట లీ రాబిన్స్ అను విదుషి 1970ల తొలినాళ్ళలో వారిని విచారించగా, అక్కడ వ్యసనపరులైనవారిలో సుమారు నూటికి అయిదుగురు మాత్రమే మొదటి సంవత్సరములో తిరిగి ఆ వ్యసనమున పడిరని తేలినది. యుద్ధభయము లేదు, ఆ స్నేహము లేదు, ఇల్లున్నది, పని యున్నది. స్థానము మారగా చాలమందికి గుణము మారినది. దీనినిబట్టి చికిత్స పొంది వచ్చినవానిని పాత సందులో, పాత ఖాళీ చేతులతో వదలినచో చికిత్స సగమేనని గ్రహింపవలెను. వానికి పని కావలెను. వానిని నమ్మి చిన్న పని ఇచ్చెడి యజమాని వైద్యునకు సమానుడు.

బాధ్యత ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. నేరమా, వ్యాధియా? ఈ విషయమున ఒక కొలత ఉపయోగపడును: ఎవని మనస్సెంత స్వతంత్రమో వాని బాధ్యత అంత. మొదటి మాత్ర మింగునాడు మనిషికి స్వేచ్ఛ ఉండును. కాని తెలివి ఉండకపోవచ్చును. నూరవ మాత్రనాడు తెలివి వచ్చును. కాని స్వేచ్ఛ తరిగిపోవును. తరిగినది గాని సున్న కాలేదు. వాడు కోరికను చంపలేకపోవచ్చును. ఆస్పత్రి గడప ఎక్కగలడు. తన చేత తానుగా మానలేనని ఒప్పుకొనగలడు. వాని ధర్మము అంతవరకు మిగిలియున్నది. అది చిన్నదిగా కనిపించినను ఆ స్థితిలో అది మహాకార్యమే.

కాని అమ్మువాని సంగతి వేరు. వాని మెదడును ఏ మందును పట్టుకొనలేదు. వాడు రాత్రి చక్కగా నిద్రించి, ఉదయము లెక్కలు చూచుకొని, తెలిసి అమ్ముచున్నాడు. 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీ హెరాయినును దగ్గుమందుగా, అలవాటు కానిదిగా చెప్పి బజారునకు తెచ్చినది. ఆ పాఠము నూరేండ్లయినను లోకము నేర్వలేదు. 1996లో అమెరికాలో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్ అను నొప్పిమాత్రను అమ్మసాగెను; దానివలని వ్యసనభయమును తగ్గించి చెప్పినట్లు 2007లో న్యాయస్థానములో నేరము నొప్పుకొనెను. అక్కడ మొదలైన ఉపద్రవము తరువాత హెరాయినునకును, ఫెంటనిల్‌కును దారితీసినది. 2021 ఒక్క సంవత్సరములో 80,000 మందికి పైగా అమెరికావారు ఈ జాతి మందుల వలన మరణించిరి. మాళవపు పెట్టెకును ఈ మాత్రకును నడుమ సముద్రములు, శతాబ్దములు ఉన్నను త్రాసు పట్టిన చేయి ఒకటే.

మన దేశములో 2018 నుండి ట్రమడాల్ కూడ మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చినది. ఐనను చీటీ లేకుండ, అడిగినవానికి, అడిగినన్ని మాత్రలిచ్చు మందులషాపు ఎక్కడ ఉన్నదో అక్కడ చట్టము కాగితములో నిద్రించును. పదిరూపాయల లాభమునకు చీటీ అడుగుట మరచినవాడు, "నేనివ్వకున్న ప్రక్కషాపువాడిచ్చును" అని తన్ను తాను సమాధానపరచుకొనును. ప్రక్కవాని పాపము తన పాపమును తగ్గించునని ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు.

ఇంకొక ప్రక్క అతిభయమును తప్పే. 1985 నాటి చట్టపు కఠిననియమములకు జడిసి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచుట మానగా, కేన్సరు రోగులు అరచి అరచి ప్రాణములు విడిచిన కాలముండెను. 2014లో చట్టమును సవరించి ఆ దారిని కొంత సుగమము చేసిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రి వంటిచోట్ల మార్ఫిన్‌తో వేదన తీర్చు సేవ జరుగుచున్నది. హింసను భయపడువారు, నొప్పిని తీర్చగలిగియు తీర్చకుండుట కూడ హింసయేనని తెలిసికొనవలెను.

చట్టము కూడ పూర్తిగా కఠినము కాదు. చిన్నమోతాదుతోనో, స్వయముగా వాడుటవలననో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట చికిత్సకు ఒప్పుకొని ప్రభుత్వము గుర్తించిన సంస్థలో చేరినచో, వానికి విచారణ నుండి రక్షణ నిచ్చు 64-ఎ అను సెక్షను ఆ చట్టములోనే కలదు. ఇది తెలియకయే అనేక కుటుంబములు పోలీసుభయముతో బిడ్డను దాచి, రోగమును ముదురబెట్టుచున్నవి. ధర్మపురి ప్రాంతమువారికి బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రి దూరము కాదు. అచ్చట వ్యసనచికిత్సకు ప్రత్యేక విభాగమున్నది. మద్రాసులో, అనగా నేటి చెన్నైలో, భర్త మద్యపానమువలన మరణింపగా, ఆ దుఃఖమును సేవగా మార్చి శ్రీమతి శాంతీ రంగనాథన్ గారు 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ ఉన్నది. దేశమంతటికి 14446 అను ఉచిత టెలిఫోను సహాయము కలదు.

సిగ్గు అన్నింటికంటె పెద్ద అడ్డు. కొడుకునకు క్షయ వచ్చినచో నలుగురికి చెప్పి మంచి వైద్యుని వెదకు ఇల్లు, ఇదే కొడుకు మాత్రలకు లోబడినచో తలుపులు మూసికొనును. పెండ్లి సంబంధములు పోవునని భయము, కులములో మాట పడునని భయము. పరువును కాపాడవలెనని మూసిన ఆ తలుపువెనుక ప్రాణము పోవును, పరువును మిగులదు. సంఘమున్నది కష్టములో తలుపు తట్టుటకు గాని, తలుపులు మూయించుటకు కాదు.

కావున తిన్నవానిని దండించుటలో తొందరవలదు. అమ్మువానిని క్షమించుటలోను తొందరవలదు. తిన్నవానిలో తరిగిపోయిన స్వేచ్ఛను మందుతో, ఓర్పుతో, పనితో కొంచెము కొంచెముగ తిరిగి నింపవలెను. స్వేచ్ఛ నిండుగానున్న తక్కిన వారందరు, తల్లిదండ్రులును, వైద్యులును, అందరికంటె ముందు వర్తకులును, దానిని దేనికి వినియోగించుచున్నారో రాత్రి లెక్కలు వ్రాసికొనునప్పుడు ఒక్కసారి చూచికొనవలెను. నగదు లెక్క సరిపోయినంతమాత్రమున ఆ దినపు లెక్క సరిపోయినట్లు కాదు.